హైడ్రోజన్ డ్రమ్ముల్ని ఆర్డౌర్‌లో విడివిడి ట్రాకులకి పంపడం: కనెక్షన్లు ఊడిపోకుండా ఎలా?

అందరికీ నమస్కారం. లైనక్స్‌లో రికార్డింగ్‌కి ఆర్డౌర్, డ్రమ్ములకి హైడ్రోజన్ అనే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నాను. రెండింటినీ జాక్ (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి ఆడియో పంపే సర్వర్) మీదే నడుపుతున్నాను. ఇప్పుడు చేస్తున్న పాటలో కిక్, స్నేర్, హై-హ్యాట్‌తో పాటు నేను సొంతంగా రికార్డు చేసిన డప్పు శాంపిళ్లు కూడా అదే కిట్‌లో ఉన్నాయి. అన్నీ ఒకే స్టీరియో జతలో వస్తే మిక్సింగ్ కుదరదు. డప్పుకి కాస్త రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) వేస్తే అది కిక్‌కీ అంటుకుని కింద అంతా బురదగా వినిపిస్తుంది. చిటికెన పుల్ల (డప్పు వాయించే సన్న పుల్ల) దెబ్బ స్పష్టంగా తెలియాలి, నాకు అదే ముఖ్యం.

హైడ్రోజన్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో సిస్టమ్ కింద, ఒక్కో ఇన్‌స్ట్రుమెంట్‌కి విడి అవుట్‌పుట్ ఇచ్చే చోట టిక్ పెట్టాను. ఒక్కోదానికీ పోర్టులు (జాక్‌లో ఆడియో కలిపే చోట్లు) కనిపించాయి. ఆర్డౌర్ రూటింగ్ గ్రిడ్‌లో ఒక్కోదాన్నీ ఒక్కో ట్రాకుకి కలిపాను. హైడ్రోజన్ మెయిన్ అవుట్ (అన్నీ కలిసి వచ్చే స్టీరియో జత) కూడా కలిపి ఉంటే ప్రతి దెబ్బా రెండు దారుల్లో వస్తుంది కాబట్టి దాన్ని విడదీశాను. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కల్లా ఇక్కడే: పోర్టు పేరులో ఇన్‌స్ట్రుమెంట్ వరస నంబరు, పేరు రెండూ ఉంటాయి. కిట్‌లో డప్పుని ఒక గడి పైకి జరిపినా పేర్లు మారిపోయి కనెక్షన్లు ఊడిపోతున్నాయి. మళ్లీ ఒక్కోటీ చేత్తో కలపాల్సి వస్తోంది. వీటిని నిలిపి ఉంచే దారి ఏదైనా ఉందా? సెషన్ మేనేజర్ (ప్రోగ్రాముల్నీ వాటి కనెక్షన్లనీ గుర్తుపెట్టుకుని మళ్లీ తెరిచే సాధనం) వాడితే పనవుతుందా, లేక ముందే కిట్ ఖాయం చేసుకోవడమే మేలా?

ఇంకొకటి, హైడ్రోజన్‌లో ట్రాక్ అవుట్‌పుట్‌ని ప్రీ-ఫేడర్‌లో (వాల్యూమ్ ఫేడర్‌కి ముందు) పెట్టాలా, పోస్ట్-ఫేడర్‌లోనా (దాని తర్వాత)? లెవెళ్లన్నీ ఆర్డౌర్‌లోనే సరిచేస్తాను. ఇలా పనిచేసేవాళ్లు మీ సెట్టింగులు చెబితే ఎంతో సాయం చేసినవారవుతారు.