అప్‌డేట్: పేవర్లకు సీలర్ వేసేశాను
ఇంటి ముందు నేల మీద పరిచిన కాంక్రీట్ రాళ్లకు (పేవర్లకు) నీళ్లు పీల్చకుండా వేసే సీలర్‌లో మెరిసే అక్రిలిక్ రకం మంచిదా, లోపలికి ఇంకే సైలేన్-సైలాక్సేన్ రకం మంచిదా అని అడిగాను కదా, చివరికి లోపలికి ఇంకే రకమే వేశాను, ఎందుకంటే అక్రిలిక్ పైన పొరలా నిలుస్తుంది, అడుగున తడి ఉంటే తెల్లగా మసకబారుతుంది, పైగా వానకు జారే భయం. ముందు సున్నంలా పేరుకున్న తెల్లటి పొడిని బ్రష్‌తో రుద్ది కడిగి, రెండు రోజులు ఎండనిచ్చాను. ఇక్కడ మాత్రం దయచేసి తొందరపడకండి. ఒక మూల రెండు రాళ్ల మీద వేసి చూశాను, రంగు మారలేదు. తర్వాత స్ప్రేయర్‌తో పల్చగా కొట్టి, ఎక్కడైనా మడుగు కడితే వెంటనే రోలర్‌తో లాగేశాను. నిన్నటి వానకు నీళ్లు తామరాకు మీద బొట్లలా గుండ్రంగా నిలబడ్డాయి, ఎంత సంతోషమేసిందో! సందుల్లో ఇసుక మాత్రం వదులుగానే ఉంది, దాన్ని ఈ రకం పట్టి ఉంచదు.