పచ్చళ్ళ సీసాలకు ఏ బార్‌కోడ్ తీసుకోవాలి?

ఆవకాయ_గుంటూరు:
నమస్కారమండీ. మా ఇంట్లో తయారయ్యే ఆవకాయ, గోంగూర పచ్చళ్ళను ఇంతకాలం తెలిసినవారికే అమ్ముతూ వచ్చాము. ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్ వారు సరుకు తీసుకోవడానికి ఒప్పుకున్నారు గాని, ప్రతి సీసా మీదా బార్‌కోడ్ ఉండి తీరాలన్నారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కోడ్ 128 రకంలో ఒకటి తయారుచేశాను, నా ఫోన్ దాన్ని చక్కగా చదువుతోంది. ఇది సరిపోతుందా, ఈఏఎన్-13 అనే రకం బార్‌కోడ్ తీసుకోవాలా?

దుకాణం_వరంగల్:
సరిపోదండీ. కోడ్ 128 గిడ్డంగుల్లోనూ కొరియర్ పార్సిళ్ళ మీదా బాగా పనికివస్తుంది గాని, మా బిల్లింగ్ కౌంటర్‌కు కావలసింది ఈఏఎన్-13. ఆ గీతల్లో సరుకు పేరు గాని ధర గాని ఉండవు. ఉండేది 13 అంకెల సంఖ్య ఒక్కటే, దాన్ని పట్టుకుని మా కంప్యూటర్ పేరునూ ధరనూ వెతికి తెస్తుంది. కాబట్టి అదే సంఖ్య మరొకరి సరుకు మీద ఉండకూడదు, అందుకే ఈ సంఖ్యలను కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియాలో నమోదు చేసుకోవాలి. ఒకసారి మా దగ్గర ఒక చిన్న తయారీదారు అప్పడాల ప్యాకెట్‌ను స్కాన్ చేస్తే ఏదో సబ్బు పేరు వచ్చింది. ఆయన ఆ సంఖ్యను ఇంటర్నెట్‌లో ఎవరి వద్దనో చవకగా కొన్నారట. సరుకంతా వెనక్కి పంపవలసి వచ్చినప్పుడు నాకే ఎంతో బాధ కలిగింది.

డల్లాస్_తెలుగు:
అమెరికాకు పంపే ఆలోచన ఉన్నా మీరు వేరే కోడ్ కొననక్కరలేదు. ఇక్కడ వాడే యూపీసీ-ఏ రకం బార్‌కోడ్‌లో 12 అంకెలే ఉన్నా, దాని ముందు సున్నా చేర్చితే 13 అంకెల సంఖ్యే అవుతుంది. 2005 నుంచి ఇక్కడి దుకాణాలు ఈఏఎన్-13ను కూడా చదవాలన్నది నియమం. అయినా పంపే ముందు కొనేవారిని ఒక మాట అడగండి. బార్‌కోడ్ సంఖ్య 890తో మొదలైతే సరుకు భారత్‌లో తయారైనదని చాలామంది అనుకుంటారు గాని, ఆ సంఖ్యను జీఎస్1 ఇండియా కేటాయించిందని మాత్రమే దాని అర్థం.

ముద్రణ_విజయవాడ:
సంఖ్య సరైనదైనా ముద్రణ చెడితే ఫలితం ఉండదు. ఈఏఎన్-13 ప్రామాణిక కొలత సుమారు 37 మి.మీ. వెడల్పు, 26 మి.మీ. ఎత్తు, 80 శాతం కన్నా తగ్గించకూడదు, రెండు పక్కలా ఖాళీ తెలుపు వదలాలి. పచ్చళ్ళవారు ఎక్కువగా ఎర్ర లేబుళ్ళు కోరుకుంటారు, తెల్లటి కాగితం మీద గీతలను కూడా ఎరుపులోనే వేయమంటారు. చాలా స్కానర్లు ఎర్రని కాంతితో చదువుతాయి గనుక ఆ గీతలు వాటికి కనిపించవు. తెలుపు మీద నలుపే వేయించండి. మీది గుండ్రటి సీసా కాబట్టి, నిలబెట్టినప్పుడు గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండేలా తిప్పి వేయిస్తే వంపు వల్ల చివరి గీతలు పక్కకు పోకుండా ఉంటాయి. నూనె అంటుకుంటుంది గనుక లామినేషన్ కూడా అవసరం.

ఆవకాయ_గుంటూరు:
ఎంతో మేలు చేశారు. 250 గ్రాముల సీసాకూ 500 గ్రాముల సీసాకూ ఒకే సంఖ్య వాడవచ్చా?

దుకాణం_వరంగల్:
వాడకూడదండీ. బరువు మారితే ధర మారుతుంది, కాబట్టి రెండు పచ్చళ్ళు, రెండు బరువులు అంటే నాలుగు సంఖ్యలు. సీసాలు సర్దే అట్టపెట్టెకు వేరే సంఖ్యతో ఐటీఎఫ్-14 అనే రకం బార్‌కోడ్ వేస్తారు గాని, మేము సీసాలను విడిగానే లెక్కపెట్టుకుంటాము, మీ సూపర్‌మార్కెట్ వారు అడిగితేనే చేయించండి. లేబుళ్ళన్నీ అచ్చు వేయించక ముందే నాలుగు నమూనా సీసాలు వారి కౌంటర్ దగ్గరకు తీసుకెళ్ళి స్కాన్ చేయించి చూసుకోండి.