అల్లిక జిగిబిగి: ‘జిగి’ కాంతా, జిగురా?

ఇంజన్‌రాతలు:
విమాన ఇంజన్ల మీద వ్యాసం రాస్తున్నాను. లీప్ ఇంజన్ ఫ్యాన్ రెక్కల కోసం కార్బన్ పోగుల్ని మూడు దిశల్లో నేసి, అచ్చులో పెట్టి రెజిన్ (గట్టిపడే జిగురు) ఎక్కిస్తారు. ఏ320 విమానంలో వాడిన పాత సీఎఫ్ఎం56 ఇంజన్‌కి 36 రెక్కలు, దీనికి 18 చాలు. ఇలా పోగులూ రెజినూ కలిపిన ‘కాంపోజిట్’కి తెలుగు మాట వెతుకుతుంటే పెద్దన మీది చాటువు బుర్రలో తిరుగుతోంది: “అల్లసానివారి యల్లిక జిగిబిగి”. ‘వారి’నా, ‘వాని’నా? జిగి అంటే జిగురు అనుకోవచ్చా? అలాగైతే నేత, రెజిన్ రెండూ ఆ పాదంలోనే ఉన్నాయి!

హగణం:
వారి అన్నా వాని అన్నా గురువు, లఘువు. ఆటవెలది మూడో సూర్యగణానికి రెండూ సరిపోతాయి, ఛందస్సు తేల్చదు. నేను విన్నది ‘వాని’. జిగి మాత్రం కాంతే.

పాతప్రతి:
నిఘంటువులో కాంతే, కాదనను. కానీ జిగట, జిగురు, జిగి ఒకే ఇంటివని నా నమ్మకం. తడి జిగురు మెరుస్తుంది కదా. పెద్దన మనుచరిత్రలోని “అటజని కాంచె” చదివి చూడండి, ఆ దీర్ఘసమాసంలో గోరు దూరే సందు ఉండదు. మాటలకు మెరుపుంటే చాలదు, అంటుకునే గుణం కూడా ఉండాలి.

లోహవిద్య:
‘మిశ్రమం’ అని మాత్రం రాయకండి. మిశ్రలోహంలో లోహాలు కరిగి ఒకటైపోతాయి. కాంపోజిట్‌లో పోగు పోగే, రెజిన్ రెజినే. అది సంధి, ఇది సమాసం. కాంపోజిట్‌తో రెక్క తేలికైతే దాన్ని పట్టుకునే డిస్కు, విరిగితే ఆపే తొడుగు (కేసింగ్), షాఫ్టు, బేరింగులు అన్నీ తేలికవుతాయి. జిగురు వాదానికి ఒక చిక్కుంది. టర్బైన్ దగ్గర వాడే సెరామిక్ కాంపోజిట్‌లో సిలికాన్ కార్బైడ్ పోగుల్ని సిలికాన్ కార్బైడ్‌లోనే పొదుగుతారు. నికెల్ మిశ్రలోహంలో దాదాపు మూడో వంతు బరువు, చల్లబరిచే గాలి కూడా తక్కువ చాలు. అందులో జిగురేది?

హగణం:
సమాసమంటే ఏ సమాసం?

పాతప్రతి:
బహువ్రీహి. పోగుకీ రెజిన్‌కీ విడిగా లేని గుణం పుడుతోంది. అన్యపదమే ప్రధానం.

హగణం:
ఒప్పుకోను. బరువు మోసేది పోగు. ‘రెజిన్‌లోని పోగు’, తత్పురుష.

లోహవిద్య:
బిగిని మీరిద్దరూ వదిలేశారు. రోల్స్‌రాయిస్ ఆర్‌బీ211 ఇంజన్‌కి మొదట కార్బన్ రెక్కలే అనుకున్నారు. పక్షి దెబ్బ పరీక్షలో అవి నిలవక టైటానియానికి మారారు. అంచుకి టైటానియం తొడిగిన కార్బన్ రెక్కలు 1995లో జీఈ90 ఇంజన్‌తో ప్రయాణికుల సర్వీసులోకి వచ్చాయి. అసలు కష్టమంతా బిగి దగ్గరే.

ఇంజన్‌రాతలు:
ప్రస్తుతానికి ‘అల్లిక పదార్థం’ అని రాసుకున్నాను.

లోహవిద్య:
జీఈ90 రెక్కలు అల్లినవి కావండీ. పొర మీద పొర పేర్చినవి.