నిఘా: ‘మీద’ పోయి ‘లో’ ఎప్పుడొచ్చింది?

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు: ‘మీరు సీసీ కెమెరాల నిఘాలో ఉన్నారు’. పాలప్యాకెట్ కోసం దిగినప్పుడల్లా చూస్తున్నదే. నిన్న మాత్రం ఆ ‘లో’ దగ్గర ఆగిపోయాను.

నిఘా మనకు ఉర్దూ నుంచి వచ్చింది, అక్కడికి పారసీ నుంచి. నిగాహ్ అంటే ఉత్త చూపే. గజళ్లలో ప్రేయసి చూపు కూడా అదే. తెలుగులోకి వచ్చేసరికి ప్రేయసి పోయి పోలీసు మిగిలాడు. (చివరి హకారం గకారంలో కలిసి ‘ఘా’ అయింది కాబోలు.)

ఈ మాటకు ‘మీద’, ‘పై’ తోడుండేవి. రౌడీషీటర్ల మీద నిఘా, సరిహద్దుపై నిఘా. ‘మీద’ అన్నామంటే ఎవరి మీద, ఎందుకు అని అడగొచ్చు. ‘లో’ అంటే అడగడానికేం లేదు. ఎండలో ఉన్నాం, వానలో ఉన్నాం, నిఘాలో ఉన్నాం! ఎవరి మీదా అనుమానం లేకుండానే అందర్నీ చూస్తూ కూర్చోడానికి ఈ విభక్తి భలే కుదిరింది.

దీని కింద కామెంట్లలో మాటలు ఇలా సాగాయి:

పాతబస్తీవాలా: అన్నా, మా ఇంట్ల అది ఇంకా మంచి మాటే. పిల్లగాణ్ణి పక్కింట్ల వదిలిపోతూ ‘జర నిగా రఖో’ అంటది అమ్మ. కానీ 2021 మేలో, లాక్‌డౌన్ టైంల, ఇక్కడే సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారిని పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. తీయనన్నా ఫొటో కొట్టారు. ఎందుకు తీశారో చెప్పమని లీగల్ నోటీసు పంపితే జవాబు లేదు. ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీ మీద ఆయన హైకోర్టులో పిల్ వేశారు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

గోదారి గట్టు: మా వీధిలో గొలుసు దొంగ కెమెరా వల్లే దొరికాడండి. అయినా మనకి ‘కనిపెట్టుకుని ఉండడం’ లేదూ? అది వాడొచ్చుగా.

నేను: కనిపెట్టుకుని ఉండే మనిషి మనకీ కనిపిస్తాడు కదండీ. దొంగ సంగతి ఒప్పుకుంటాను. గొలుసు పోయాక ఆ వీధి ఫుటేజీ చూడడం ‘మీద’ కిందికొస్తుంది. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బళ్లు ఆపి, జనం వాట్సాప్‌లో ‘గంజా’ అన్న మాట వెతికారు చూడండి, అది ‘లో’.

ఇంకో చిక్కు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ప్రాథమిక హక్కని తేల్చిన ప్రైవసీని మన పేపర్లు ‘గోప్యత’ అంటున్నాయి. ఆ మాట వింటేనే ఏదో దాస్తున్నట్టుంటుంది. తప్పు చేయనివాడికి భయమెందుకని వెంటనే అనేస్తారు. ఇంకో మాట ఉందా?

పాతబస్తీవాలా: ఏకాంతం?

నేను: అది హనీమూన్‌కి పోయింది అన్నా.

గోదారి గట్టు: ఒక్క మాటలో కష్టమండీ. మా మామ్మయితే ‘నా మానాన నన్ను వదిలెయ్యండ్రా’ అనేది. జీవోలో ఎలా రాస్తారో మరి.