సన్యాసి పీత గుల్ల నచ్చిందని ఎలా తేల్చుకుంటుంది?

మొన్న రుషికొండ రాళ్ల దగ్గర బుల్లి సన్యాసి పీతని చూశా, ఖాళీ నత్తగుల్ల దొరికితే దాన్ని అటూ ఇటూ దొర్లించి, డెక్క లోపల పెట్టి కెలికి, తీరా చూస్తే దూరకుండానే వెళ్లిపోయింది. మా పాప "నాన్నా, దానికి నచ్చలేదా?" అంటోంది. అసలు ఏం చూస్తుందండీ అది?

> కొలతలు తీస్తోందండీ. దాని పొట్టకి గట్టి పెంకు ఉండదు, మెత్తగా ఓ పక్కకి మెలితిరిగి ఉంటుంది కాబట్టి గుల్లలో సరిగ్గా ఇమడాలి. మూతి ఎంత వెడల్పు, లోపల చోటెంత, బరువెంత, ఎక్కడైనా చిల్లుందా, ఇవన్నీ డెక్కలతో మీసాలతో తడిమి చూస్తుంది. ఇరుకైతే ఒళ్లు పెరగదు, మరీ పెద్దదైతే మోయలేక అవస్థ పడుతుంది. నచ్చిందంటే మాత్రం రెప్పపాటులో మారిపోతుంది, ఒళ్లు బయటపడితే ప్రమాదం కదా.

> నేలమీద తిరిగే రకాల్లో ఇంకో తమాషా ఉంది. పెద్ద గుల్ల దొరికితే సైజు ప్రకారం లైన్ కడతాయి, పెద్దది మారగానే దాని పాతదాంట్లోకి తర్వాతది, అలా చివరిదాకా. మన అద్దెకొంపల కంటే నయం, అడ్వాన్స్ గొడవ లేదు 😄 కొన్ని సముద్రపు రకాలు మాత్రం పక్కదాని గుల్లని తమ గుల్లతో టకటకా కొట్టి మరీ ఖాళీ చేయిస్తాయి.

> గుల్లలు దొరక్క ప్లాస్టిక్ మూతల్లో కూడా దూరుతున్నాయి పాపం.

థాంక్సండీ. ఇది చదివి వినిపించానో లేదో, షోకేస్‌లో ఉన్న భీమిలి గుల్లలన్నీ ఆదివారం వెనక్కి పెట్టి రావాలంట, ఒకటే గొడవ.