వోరినోస్టాట్ ఇచ్చినా హిస్టోన్ ఎసిటైలేషన్ పెరగడం లేదు, ఎక్కడ పోతోంది?

హీలా కణాలకు (ల్యాబులో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) వోరినోస్టాట్ అనే మందు ఇచ్చి, హిస్టోన్ హెచ్3 (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లలో ఒకటి)లో 27వ లైసిన్ మీద ఎసిటైలేషన్, అంటే ఎసిటైల్ గుంపు అతుక్కోవడం, ఎంత పెరుగుతుందో వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చూస్తున్నాను. ఎసిటైల్ గుంపును తీసేసే హెచ్‌డాక్ ఎంజైములను ఈ మందు ఆపుతుంది కాబట్టి బ్యాండు చిక్కబడాలి. మూడుసార్లు చేశాను. మందు ఇచ్చినవాటిలోనూ, ఉత్త డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావణి) ఇచ్చినవాటిలోనూ ఒకేలా పలచటి బ్యాండే వస్తోంది.

మందు 2 మైక్రోమోలార్. ఒకసారి 6 గంటలు, రెండుసార్లు 24 గంటలు. పీబీఎస్ (ఉప్పు బఫర్)తో కడిగి, ఐస్ మీద న్యూక్లియస్‌లు వేరుచేసి (దీనికే 40 నిమిషాలు పడుతోంది), 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. 15 శాతం జెల్, లేన్‌కు 5 మైక్రోగ్రాములు. మొత్తం హెచ్3 బ్యాండు 17 కిలోడాల్టన్ల దగ్గర అన్ని లేన్లలో సమానంగా, చక్కగా వస్తోంది. అందుకే ట్రాన్స్‌ఫర్‌లో తప్పుందని అనుకోవడం లేదు.

మెంబ్రేన్ 0.45 మైక్రాన్ నుంచి 0.2కి మార్చాను. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా పాలపొడి బదులు బీఎస్‌ఏ (పశువుల రక్తంలోని ప్రోటీన్)తో బ్లాక్ చేశాను. యాంటీబాడీ 1:1000 నుంచి 1:500 చేశాను. మందు కొత్తగా కలిపాను. బ్యాక్‌గ్రౌండ్ తగ్గింది గానీ తేడా మాత్రం రాలేదు.

నా అనుమానం ఒకటుంది. బఫర్‌లో ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు (ప్రోటీన్లు ముక్కలవకుండా ఆపేవి) వేశాను, సోడియం బ్యూటిరేట్ (ఇదీ హెచ్‌డాక్‌లను ఆపేదే) వేయలేదు. వోరినోస్టాట్ ఎంజైముకు శాశ్వతంగా అతుక్కోదు కదా, కడిగేశాక ఆ 40 నిమిషాల్లో హెచ్‌డాక్‌లు మళ్లీ పనిచేస్తున్నాయేమో.

ఇంకొక్క బ్యాచ్‌కే మందు మిగిలింది, టెన్షన్‌గా ఉంది. కణాల్లో మందే పనిచేయడం లేదా, లేక హిస్టోన్లు తీసేటప్పుడు ఎసిటైలేషన్ పోతోందా అన్నది ఈ ఒక్క బ్యాచ్‌తో తేల్చాలంటే ఏ కంట్రోల్ పెట్టాలి?