మీ ఇంటి పెద్దలు ఏ గుర్తుకు ఓటేసేవారు? (చెన్నై తెలుగు కుటుంబాల వారికి ఒక ప్రశ్న)

మాంబళం మనవడు అడిగినది:

మా తాత కాంగ్రెస్ నేత కామరాజ్ మనిషి. 1952లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద అతికించిన గుర్తును చూసి చీటీ వేయమన్న నాటి నుంచి ఆయనకు కాడెద్దులు తప్ప మరో గుర్తు కంటికి ఆనలేదు. ఇంట్లో అందరి ఓటూ తనదేనన్నది ఆయన నమ్మకం. ఎన్నికల రోజు పొద్దున్నే కాఫీ తాగి, అమ్మమ్మను ముందు నడిపించుకుంటూ వీధి చివరి బడికి బయలుదేరేవారు.

1971 మార్చిలో టి.నగర్‌లో అమ్మమ్మ ఓటు కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "ఎద్దులు లేవేమయ్యా?" అని అక్కడి ఉద్యోగినే అడిగిందట. 1969లో కాంగ్రెస్ చీలిన తరువాత ఎద్దులు ఏ వర్గానికీ దక్కలేదు. ఇందిరా గాంధీ వర్గానికి ఆవూ దూడా, కామరాజ్ ఉన్న వర్గానికి రాట్నం వడికే స్త్రీ గుర్తుగా వచ్చాయి. పైగా ఇందిర వర్గం ఆ ఏడాది తమిళనాడు శాసనసభకు పోటీయే చేయలేదు. పత్రిక ఆసాంతం చదివే తాతకు ఇదంతా తెలుసు కానీ, అమ్మమ్మకు ఒక మాట చెప్పాలని మాత్రం తోచలేదు. ఆవిడ దేని మీద ముద్ర వేసిందని తాత ఎన్నిసార్లు అడిగినా "మీరు చెప్పినదానికే" అన్న జవాబు తప్ప మరొకటి రాలేదు.

మీ ఇళ్లలో ఓటు ఇంటి పెద్దదిగా ఉండేదా, లేక ఎవరిది వారిదిగా ఉండేదా?

పెరంబూరు వాసి:

మా ఇంట్లో ఎవరి ఓటు వారిదే, ఎవరి పోట్లాట వారిదే. బి అండ్ సి మిల్లులో పనిచేసిన మా తాత కమ్యూనిస్టు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన కంకి కొడవలి వైపు, ఆయన తమ్ముడు సుత్తి కొడవలి నక్షత్రం వైపు వెళ్లి, ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తూ కూడా ఆరు నెలలు మాట్లాడుకోలేదు. మధ్యలో మా అవ్వ ఒకరి కోసం వడ్డించిన పప్పును రెండోవారికి చెప్పవలసిన కబురుతో సహా అందించేదని మా నాన్న నవ్వుతూ చెబుతాడు.

నాన్నది మరో దారి. ఆయన పేరు మద్రాసు జాబితాలోనూ, సూళ్లూరుపేట దగ్గరి మా సొంతవూరి జాబితాలోనూ ఉండేది. ఒక మనిషి పేరు ఒక్కచోటే ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నా, ఊరితో తెగతెంపులు చేసుకోలేని వాళ్లెవరూ ఆ రోజుల్లో దాన్ని తప్పుగా అనుకోలేదు. నేను మాత్రం తప్పే అంటాను. 1983 జనవరిలో సైకిల్ గుర్తుకు ఓటు వేయడానికి ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, కాలు పెట్టే సందు లేని బస్సులో తడ దాటి వెళ్లివచ్చాడు. వేలి మీది సిరా గోటితోపాటు పెరిగి పోయేదాకా టీ కొట్టులో గ్లాసును ఎడమచేత్తోనే పట్టుకునేవాడట. "ముఖానికి రంగు వేసుకున్నవాడికి ఓటా?" అని తాత ఈసడిస్తే, ఇక్కడ ఎం.జి.ఆర్. ఐదారేళ్లుగా ఏలడం లేదా అన్నది నాన్న వాదన. దానికి తాత దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అవ్వ అప్పటికే ఎం.జి.ఆర్. పార్టీ గుర్తయిన రెండాకుల మనిషి.

సైదాపేట కోడలు:

మా అత్తగారిదీ రెండాకులే. ఎం.జి.ఆర్. పోయాక పార్టీ రెండై, 1989 జనవరి ఎన్నికల్లో ఆ గుర్తు స్తంభించిపోయింది. జయలలిత వర్గానికి కోడి, ఎం.జి.ఆర్. భార్య జానకి వర్గానికి జంట పావురాలు వచ్చాయి. అమ్మమ్మగారికి ఎద్దులు కనబడనట్టే మా అత్తగారికీ ఆకులు కనబడలేదు. మామగారు ఏ గుర్తుకు వేయాలో కాగితం ముక్క మీద బొమ్మ గీసి చేతికిస్తే, ఆవిడ దాన్ని మడిచి బొడ్డున దోపుకుని, "మీరు గీసిందే గుద్దాలంటే అక్కడ అట్ట అడ్డం పెట్టడం దేనికండీ?" అన్నారు. నేను కొత్త కోడలిని, నవ్వాలో వద్దో తెలియలేదు. నాకప్పుడు 19 ఏళ్లు, ఓటు వయసు 21. ఆ మార్చిలోనే వయసును 18కి తగ్గించడంతో నవంబరు లోక్‌సభ ఎన్నికల్లో మొదటి ఓటు వేశాను. ఎవరూ బొమ్మ గీసి ఇవ్వలేదు.

జార్జిటౌన్:

పెద్దల విధేయతను మనం కొంత పెంచి చెప్పుకుంటామేమోనని నా అనుమానం. మా ముత్తాత కాంగ్రెస్‌కు ప్రత్యర్థి అయిన జస్టిస్ పార్టీ అని ఇంట్లో గొప్పగా చెబుతారు; పానగల్ పార్కు మీదుగా వెళ్లిన ప్రతిసారీ మా నాన్న, ఆ పార్టీ నాయకుడు పానగల్ రాజా మన తెలుగువాడేనంటూ ఆ కథ ఎత్తుకుంటారు. ఎక్కువగా ఆస్తీ పన్నూ ఉన్నవారికే ఓటున్న రోజులవి కాబట్టి, వ్యాపారి అయిన ముత్తాతకు ఓటుండేది. అయితే 1937లో ఆయన కాంగ్రెస్ వారి పసుపు పెట్టెలోనే చీటీ వేశారని మా పెద్దమ్మ చెబుతుంది. జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీదే వి.వి. గిరి చేతిలో ఓడిన ఏడాది అది. గాలి ఎటు వీస్తున్నదో కొట్టు నడిపేవాడికి తెలియకుండా ఉంటుందా?

మాంబళం మనవడు:

మీ జవాబులు చదివి వినిపిస్తే మా అమ్మ చాలాసేపు నవ్వి, తాత పోయాక అమ్మమ్మ తనకొక్కర్తికే చెప్పిన మాట ఇప్పుడు బయటపెట్టింది. కామరాజ్ మనిషి భార్య ఆ రోజు ఉదయసూర్యుడి మీద ముద్ర వేసి వచ్చిందట. డి.ఎం.కె. అనీ, కరుణానిధి అనీ ఆలోచించి కాదు. "ఎద్దులు లేవన్నారు. మిగిలినవాటిలో నేను రోజూ దణ్ణం పెట్టేది ఆయనొక్కడికే కదే!" అన్నదట.